ఫ్రీజర్‌లో ఐస్ గుట్టలా పేరుకుంటే గీకకండి, ముందు లోపలి మూత చూడండి

తిరుపతి కొర్లగుంట నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. ఆరేళ్ల కిందట కొన్న సింగిల్ డోర్ ఫ్రిజ్. ఫ్రీజర్‌లో నాలుగు పక్కలా రెండు అంగుళాల మందాన ఐస్ పేరుకుంది, పాల ప్యాకెట్ కూడా పట్టడం లేదు. కింద కూరగాయల దగ్గర చల్లదనం తగ్గింది. ఫ్రీజర్ ముందుండే చిన్న మూత ఏడాది కిందట విరిగిపోతే తీసి పక్కన పెట్టారు. చేపల వాసన పోవడం లేదు. వెంకన్నకి మొక్కి మాంసం, చేపలు మానేసే పెరటాసి నెల దగ్గరికొస్తోంది, ఆ వాసనకి అత్తమ్మ ఫ్రిజ్ తలుపే తీయడం లేదు. మెకానిక్ వచ్చి చూసి గ్యాస్ తగ్గింది, నింపాలన్నాడు. ఇంటాయన స్క్రూడ్రైవర్‌తో ఐస్ పగలగొడతానంటున్నాడు. ఏం చేయాలి?

అమ్మా, ముందు ఆ స్క్రూడ్రైవర్‌ని డబ్బాలో పెట్టేయమనండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు. నేను చిత్తూరులో పని నేర్చుకుని తిరుపతిలో ఇరవై ఆరేళ్లుగా ఫ్రిజ్‌లు బాగు చేస్తున్నాను. చేతులారా పాడు చేసుకున్న ఫ్రిజ్‌లు నా దగ్గరికి ఎన్నొచ్చాయో, వాటిలో ఎక్కువ భాగం కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో ఐస్ పొడిచినవే. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గోడ అంటే మామూలు గోడ కాదు. రెండు పలుచని అల్యూమినియం రేకులు అతికించి, వాటి మధ్యలో గ్యాస్ తిరిగే దారులు ఉబ్బెత్తుగా చేసి ఉంటారు. ఆ రేకు మందం మనం వంటింట్లో వాడే గిన్నె మందం కూడా ఉండదు. ఐస్ కింద మొన ఎక్కడ దిగుతుందో పైకి తెలియదు. సన్నని రంధ్రం పడితే చాలు, బుస్సుమని గ్యాస్ మొత్తం పోతుంది. ఆ రంధ్రానికి మాటు వేస్తే కొన్నాళ్లు నిలుస్తుంది, మళ్లీ కారుతుంది. ఫ్రీజర్ పెట్టె మొత్తం మార్చాల్సి వస్తే ఆరేళ్ల ఫ్రిజ్‌కి అంత ఖర్చు పెట్టాలా అని ఇంట్లో వాళ్లు తల పట్టుకుంటారు. చిత్తూరు సంతపేటలో ఒక ఇంట్లో పదో తరగతి పిల్లవాడు అమ్మకు సాయం చేద్దామని కత్తి తీసుకుని ఇలాగే చేశాడు. నేను వెళ్లేసరికి వాడు ఒక మూల కూర్చుని ఏడుస్తున్నాడు. అది ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది.

గ్యాస్ సంగతి ఇంకొకటి ఉంది. నేను పని నేర్చుకునే రోజుల్లో వాడిన ఆర్ 12 గ్యాస్ అంటుకునేది కాదు, కానీ అది ఓజోన్ పొరను తినేస్తుందని మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2010 నాటికి ఆపేశారు. ఆ తర్వాత ఆర్ 134ఎ బాగా నడిచింది. ఇప్పుడు ఇళ్లకు వచ్చే ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఆర్ 600ఎ ఉంటుంది. ఇది ఐసోబ్యూటేన్, మన వంట గ్యాస్‌కి దగ్గరి చుట్టం, మండుతుంది. ఫ్రిజ్‌లో ఉండేది కొన్ని పదుల గ్రాములే అయినా జాగ్రత్త తప్పదు. మీ ఫ్రిజ్‌లో ఏముందో వెనకాల మోటారు దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఎప్పుడైనా లోపలి రేకుకి రంధ్రం పడి బుస్సుమన్న శబ్దం వస్తే ఏ స్విచ్చీ వేయకండి, ఆపకండి. పొయ్యి వెలుగుతుంటే వెంటనే కట్టేయండి, కొత్తగా వెలిగించకండి. కిటికీలు, తలుపులు తెరిచి కాసేపు అందరూ బయటికి వచ్చేయండి.

ఇక మెకానిక్ అన్న మాట. మీరు చెప్పిన దాన్ని బట్టి గ్యాస్ తగ్గిందని నాకు అనిపించడం లేదు. గ్యాస్ తగ్గిన ఫ్రీజర్‌లో ఐస్ ఒక పక్కనే, ఒక మూలనే కడుతుంది, మిగతా గోడ తడిగానో పొడిగానో ఉండిపోతుంది. మోటారు ఆగకుండా తిరుగుతుంది, అయినా నీళ్ల బాటిల్ చల్లబడదు. మీది నాలుగు పక్కలా సమంగా రెండు అంగుళాలు పట్టిందంటే పెట్టె అంతటా చలి బాగానే పాకుతోందని అర్థం. మరి కింద కూరగాయల దగ్గర చల్లదనం తగ్గినట్టు ఎందుకుంటుందంటే, సింగిల్ డోర్‌లో కింది అరలకు చల్లదనం దిగేది ఆ ఫ్రీజర్ పెట్టె నుంచే. దాని చుట్టూ ఐస్ దుప్పటిలా కప్పేస్తే చలి కిందికి దిగదు. మోటారు ఎక్కువసేపు తిరుగుతుంది, బిల్లు పెరుగుతుంది, చూసేవాళ్లకి గ్యాస్ అయిపోయినట్టే కనిపిస్తుంది. కాబట్టి ఇప్పుడే గ్యాస్‌కి డబ్బు ఇవ్వకండి. ముందు ఐస్ తీసి, మూత పెట్టించి, రెండు వారాలు చూడండి.

మీరు మాటల మధ్యలో అనేసిన ఆ విరిగిన మూత ఉందే, అసలు సంగతంతా అక్కడే ఉంది. ఐస్ ఎక్కడి నుంచి వస్తుంది? గాలిలోని తేమ నుంచి. తలుపు తీసిన ప్రతిసారీ బయటి గాలి లోపలికి దూరుతుంది, అందులోని తేమ అన్నిటికంటే చల్లగా ఉన్న చోటు వెతుక్కుని అక్కడ గడ్డ కడుతుంది. ఆ చిన్న మూత ఉంటే పెద్ద తలుపు తీసినా ఫ్రీజర్ వరకు గాలి పెద్దగా రాదు. మూత లేకపోతే వంటింటి గాలి, కింద పెట్టిన సాంబారు ఆవిరి, కొత్తిమీర కట్ట తడి, అన్నీ నేరుగా అక్కడికే పోతాయి. చాలామంది అది ఉత్త ప్లాస్టిక్ ముక్కే కదా అనుకుంటారు. దయచేసి అలా అనుకోకండి. ఫ్రిజ్ లోపలి గోడ మీద స్టిక్కర్‌లో మోడల్ నంబరు ఉంటుంది, దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకుని స్పేర్ పార్టుల అంగడికి వెళ్లండి. పెద్ద ఖర్చు కాదు. బిగించడం కూడా మీవారే చేసుకోవచ్చు, ఆ స్క్రూడ్రైవర్‌కి అదే సరైన పని.

ఐస్ తీసే పని పొద్దున్నే పెట్టుకోండి, పిల్లలు బడికి వెళ్లాక అయితే ఇంకా మంచిది. ముందురోజే ఫ్రీజర్‌లో ఉన్నది వీలైనంత వండేయండి. మిగిలిన ప్యాకెట్లను న్యూస్ పేపర్‌లో రెండు మూడు పొరలు చుట్టి, దగ్గర దగ్గరగా ఒక స్టీలు డబ్బాలోనో థర్మాకోల్ పెట్టెలోనో పెట్టి, పైన మందపాటి దుప్పటి కప్పండి. చేపల అంగడిలో అడిగితే థర్మాకోల్ పెట్టె ఇస్తారు, ఇంట్లో ఒకటి ఉంచుకుంటే ప్రతిసారీ పనికొస్తుంది.

ఆ తర్వాత స్విచ్ ఆపి, ప్లగ్ కూడా పీకేయండి. చలి పెంచే, తగ్గించే థర్మోస్టాట్ నాబ్ మధ్యలో ఎర్ర బటన్ ఉంటే అది డీఫ్రాస్ట్ బటన్. మామూలుగా ఐస్ పలుచగా ఉన్నప్పుడు రాత్రి దాన్ని నొక్కి పడుకుంటే సరిపోతుంది, కరిగాక ఫ్రిజ్ తనే మళ్లీ మొదలవుతుంది. మీకున్న రెండు అంగుళాలకి అది చాలదు, పూర్తిగా ఆపాల్సిందే. ఫ్రీజర్ కింద ఉండే చిల్లర్ ట్రేలో పాత టవల్ పరవండి, ఫ్రిజ్ ముందు నేల మీద గోనెసంచి వేయండి. అంత ఐస్ కరిగితే వెనకాల మోటారు మీదున్న చిన్న ట్రే నిండి పొర్లుతుంది. అందుకని లోపలి నీళ్లను మధ్యమధ్యలో బట్టతో పిండి తీసేయండి.

తొందర ఉంటే ఒక గిన్నెలో వేడినీళ్లు పోసి, కింద మడిచిన బట్ట వేసి, ఫ్రీజర్‌లో పెట్టండి. పావుగంటకోసారి నీళ్లు మార్చండి. మూడు నాలుగు సార్లకు ఐస్ గోడ నుంచి వదులవుతుంది. ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెడితే ఇంకా త్వరగా అవుతుంది, కాకపోతే ఫ్యాన్ వైరు నీళ్లలో పడకుండా దూరంగా ఉంచాలి. మే నెల ఎండల్లో మన తిరుపతిలో వేడినీళ్ల అవసరం కూడా ఉండదు, తలుపు తీసి పెడితే చాలు. ఇప్పుడైతే రెండు మూడు గంటలు పట్టొచ్చు. ఊడి వచ్చిన పలకలను చేత్తోనో చెక్క అట్లకాడతోనో ఎత్తేయండి. ఊడనిదాన్ని లాగకండి, ఇంకో గిన్నె వేడినీళ్లు పెట్టండి. హెయిర్ డ్రయర్ వద్దు. తడి దగ్గర కరెంటు ప్రమాదం, పైగా ప్లాస్టిక్ వంకరపోతుంది. ఉప్పు చల్లితే త్వరగా కరుగుతుందని కొందరు చెబుతారు. నిజమే, కరుగుతుంది. కానీ ఆ ఉప్పునీళ్లు అల్యూమినియాన్ని తినేస్తాయి, ఏడాది రెండేళ్లకు గుంటలు పడి గ్యాస్ కారుతుంది.

చేపల వాసనకి ఖరీదైన మందులేవీ అక్కర్లేదు. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి, మెత్తని బట్ట ముంచి పిండి, మూలమూలలా తుడవండి. ట్రేలను, ఐస్ గిన్నెలను బయటికి తీసి అదే నీళ్లలో అరగంట నాననివ్వండి. గాజు అరలుంటే అవి గది వేడికి వచ్చాకే కడగండి. చల్లటి గాజు మీద వేడినీళ్లు పోస్తే పగులుతుంది. మన ఊళ్లో బోరు నీళ్లు వాడే ఇళ్లలో తుడిచాక తెల్లని చారలు మిగులుతాయి, అందుకని చివరిసారి తాగే నీళ్లతో తుడవండి. ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్, యాసిడ్, పీచు, గిన్నెలు తోమే పౌడర్ లోపలికి పోనివ్వకండి. అగరుబత్తి వాసన, కర్పూరం కూడా వద్దు. పాలు, వెన్న ఏ వాసననైనా పీల్చుకుంటాయి. తుడిచాక పొడిబట్టతో ఆరబెట్టి ఇరవై నిమిషాలు తలుపు తీసి ఉంచండి. ఇంకా కొంచెం వాసన మిగిలితే చిన్న గిన్నెలో వంటసోడా గానీ, రెండు కట్టె బొగ్గు ముక్కలు గానీ లోపల పెట్టి రెండు మూడు రోజులు చూడండి. మీ అత్తమ్మగారికి ఒక మాట చెప్పండి, ఈ పని తర్వాత ఆమె నిశ్చింతగా తలుపు తీయొచ్చు. ఇకపై చేప తెస్తే కడిగి, నీరు ఓడ్చి, గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. పల్చటి క్యారీబ్యాగ్‌లో పెడితే ఆ నీరు కారి గోడకి అంటుకుని గడ్డ కడుతుంది, వాసన ఐస్‌లోనే ఉండిపోతుంది. మీరు ఎన్నిసార్లు పైపైన తుడిచినా పోనిది అందుకే.

చేయి తడి ఆరకముందే పెద్ద తలుపు రబ్బరు కూడా చూసేయండి. సబ్బునీళ్లు, పాత టూత్ బ్రష్ తీసుకుని ఆ మడతల్లోని నల్లటి బూజు, పాల మరకలు తోమి ఆరనివ్వండి. తర్వాత ఒక పది రూపాయల నోటు తలుపులో పెట్టి మూసి లాగండి. బిగువుగా వస్తే రబ్బరు బాగుంది. జారి వచ్చేస్తే అక్కడ గాలి దూరుతోంది. నాలుగు పక్కలా, ముఖ్యంగా కింది మూలల్లో చూడాలి. రబ్బరు వంకరపోయి ఉంటే వేడినీళ్లలో ముంచి పిండిన బట్టను దాని మీద కాసేపు అదిమితే మెత్తబడి మళ్లీ ఒదుగుతుంది. చీలి ఉంటే మాత్రం మార్చాలి. చాలా ఇళ్లలో ఇంకో తప్పు కనిపిస్తుంది. ఫ్రిజ్ కింద ప్లాస్టిక్ స్టాండ్ వేస్తారు, దాని ఒక కాలు కుంగి ఉంటుంది, తలుపు మెల్లగా తెరుచుకుంటూ ఉంటుంది. ముందు కాళ్లు వెనక వాటికంటే కొంచెం ఎత్తుగా ఉంటే తలుపు దానంతట అదే వచ్చి మూసుకుంటుంది.

ఫ్రిజ్‌కి పైనా పక్కలా గుడ్డ కవర్ తొడిగారా? పై భాగం మీద మాత్రం ఉంచుకుని పక్కలవి తీసేయండి. కొత్త ఫ్రిజ్‌లలో వేడి బయటికి పోయేది పక్క గోడల నుంచే, అవి చేతికి వేడిగా తగిలితే భయపడక్కర్లేదు. గోడకి నాలుగు అంగుళాలు వదలండి. వెనకాల నల్ల జాలీ ఉన్న పాత రకమైతే ఆరు నెలలకోసారి ప్లగ్ తీసి దుమ్ము దులపండి.

అంతా అయ్యాక ప్లగ్ పెట్టి, ఖాళీగానే రెండు మూడు గంటలు నడవనివ్వండి. ఆ తర్వాతే సామాన్లు పెట్టండి. ఒకసారి ఆపితే అయిదు నిమిషాలు ఆగకుండా మళ్లీ వేయకండి. లోపలి గ్యాస్ ఒత్తిడి సమం కాకముందే మోటారు తిరగాలంటే కష్టపడుతుంది, టక్కుటక్కుమని ఆగిపోతుంది. కరెంటు పోయి వచ్చిన వెంటనే ఆన్ కాకుండా కాసేపు ఆపే స్టెబిలైజర్ మీకు ఉంటే ఆ బాధ లేదు. నాబ్ మీద అంకెలు డిగ్రీలు కావు, అంకె పెరిగితే చలి పెరుగుతుందని మాత్రమే. ఎండాకాలం కదా అని చివరి అంకెకి తిప్పి వదిలేస్తే మోటారు ఆగదు, ఐస్ కూడా గబగబా పేరుకుంటుంది. మధ్యలో ఉంచండి. కింద పెట్టిన కూరగాయలు, నీళ్ల బాటిల్ కూడా గడ్డ కడుతుంటే, నాబ్ తగ్గించినా అలాగే ఉంటే, అప్పుడు థర్మోస్టాట్ పోయిందని అర్థం.

సింగిల్ డోర్ ఫ్రీజర్‌ని డీప్ ఫ్రీజర్ అనుకోకండి. ఎక్కువ రోజులు దాచాలంటే మైనస్ 18 డిగ్రీలు ఉండాలి. ఫ్రీజర్ పెట్టె మీద ఒక నక్షత్రం గుర్తు ఉంటే మైనస్ 6, రెండుంటే మైనస్ 12, మూడుంటే మైనస్ 18. ఫ్రిజ్ తలుపు మీద అతికించే కరెంటు ఆదా నక్షత్రాలు వేరు, వాటికీ వీటికీ సంబంధం లేదు. ఒక్క నక్షత్రం పెట్టెలో గడ్డ కట్టినది వారం లోపే వాడేయాలి. రెండింటికి నెల, మూడింటికి మూడు నెలల దాకా. చలి వల్ల క్రిములు చావవు, కదలకుండా పడి ఉంటాయి, అంతే. కరిగాక మళ్లీ లేస్తాయి. పూర్తిగా కరిగిన మటన్‌ని, చికెన్‌ని మళ్లీ గడ్డ కట్టించకండి, వండేయండి.

మామిడికాయల రోజుల్లో మన చిత్తూరు వైపు ప్రతి ఇంట్లో బేనీషా (బంగినపల్లి) గుజ్జు, తోతాపురి గుజ్జు ఫ్రీజర్‌లో పెడతారు. అప్పుడు సగం సీసాలు పగిలిపోతాయి. నీళ్లు గడ్డ కడితే దాదాపు పదో వంతు ఉబ్బుతాయి, అందుకని డబ్బాని ముప్పావు వరకే నింపాలి. గాజు సీసా వద్దు. చిన్న కవర్లలో పలుచగా పరిచి గడ్డ కట్టిస్తే త్వరగా కడుతుంది, కావలసినంతే తీసుకోవచ్చు.

2021 నవంబరు వరదలప్పుడు మన ఊళ్లో చాలా ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. నీళ్లు తగ్గాక కొందరు తొందరపడి ఫ్రిజ్ ఆన్ చేసి మోటార్లు కాల్చుకున్నారు. మోటారు, వైరింగ్ ఉండేది అడుగునే. ఎప్పుడైనా నీళ్లలో మునిగితే మెకానిక్ చూసి ఆరబెట్టేదాకా ప్లగ్ పెట్టకూడదు. కరెంటు ఎక్కువసేపు పోతే తలుపు తీయకపోవడమే మేలు. నిండుగా ఉన్న పెద్ద డీప్ ఫ్రీజర్ మూసి ఉంచితే సుమారు రెండు రోజులు, సగం నిండితే ఒక రోజు చలి నిలుపుతుంది. మీ చిన్న పెట్టెకి, అందులోనూ ఎండాకాలంలో, కొన్ని గంటలే అనుకోండి. ఊరికి వెళ్లేటప్పుడు చిన్న కప్పులో నీళ్లు గడ్డ కట్టించి దాని మీద రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. తిరిగొచ్చాక బిళ్ల పైనే ఉంటే సరే. అడుగుకి దిగి ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డ కట్టిందని లెక్క. ఆ మాంసం, చేప పారేయండి, ఎంత ఖరీదు పెట్టినా సరే.

డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ ఉన్నవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. దానిలో మందంగా ఐస్ కట్టకూడదు. కడుతోందంటే గాలి వచ్చే రంధ్రాలకు అడ్డంగా ప్యాకెట్లు పెట్టి ఉండాలి, లేదా తలుపు సరిగా పడక ఉండాలి, లేదా లోపలి హీటర్, సెన్సర్ పాడై ఉండాలి. ఒక రోజంతా ఆపి తలుపులు తెరిచి ఉంచి మళ్లీ వేయండి. వారం బాగుండి మళ్లీ కడితే హీటర్ వైపు లోపం. అది ఇంట్లో విప్పే పని కాదు. కింది అరలో నీళ్లు నిలిస్తే మాత్రం వెనక గోడ అడుగున ఉన్న నీటి రంధ్రం మూసుకుపోయి ఉంటుంది, సూది లేని సిరంజితో గోరువెచ్చని నీళ్లు కొడితే చాలావరకు తెరుచుకుంటుంది.

మీ ఫ్రీజర్‌లో ఇకపై ఐస్ అర సెంటీమీటరు దాటకముందే డీఫ్రాస్ట్ బటన్ నొక్కండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు, గాలిలో తేమ ఎక్కువ, అప్పుడు ఇంకా తొందరగా కడుతుంది. పెరటాసి మొదలయ్యేలోపు ఈ పని అయిపోతే వానాకాలానికి కూడా సిద్ధంగా ఉన్నట్టే. వేడి కూర ఆవిరి ఆరేదాకా ఆగి, మూత పెట్టి లోపల పెట్టండి, అలాగని రెండు గంటలకు మించి బయట వదలకండి. పాల ప్యాకెట్లు కడిగితే తుడిచి పెట్టండి.

కొత్త మూత బిగించాక రెండు వారాలు గడవనివ్వండి. అప్పుడు ఐస్ ఎంత మందం పట్టింది, నాలుగు పక్కలా పట్టిందా ఒక మూలనే పట్టిందా చూసి నాకు చెప్పండి. ఒక మూలనే పట్టి మిగతా గోడ పొడిగా ఉంటే, అప్పుడు గ్యాస్ సంగతి మాట్లాడుకుందాం.